విదేశీవిద్యా కథనాల్లో టోపీ: పొరపాటు, నవ్వు, ఇల్లు

పైచదువు కోసం సముద్రం దాటిన తెలుగు యువకుడి కథ అనగానే ఎవరికైనా ముందుగా గుర్తుకువచ్చేది మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టరు పార్వతీశం'. 1924లో మొదటి భాగం వెలువడినప్పటినుంచి ఈ నవలకు పాఠకులు కరవైన కాలం లేదు. దశాబ్దాల తరువాత రచయిత మరి రెండు భాగాలు రాసి, నాయకుడి చదువు పూర్తిచేయించి, స్వదేశానికి రప్పించి, జాతీయోద్యమంలోకి నడిపించారు. అయినా జ్ఞాపకంలో నిలిచినవాడు మొదటి భాగపు పార్వతీశమే. దొరల టోపీ అనుకొని ఆడవాళ్ళ టోపీ కొని నెత్తిన పెట్టుకొన్న మొగలితుర్రు కుర్రవాడే. విమర్శ కూడా చాలావరకు అక్కడే ఆగింది. ఈ హాస్యం సన్నివేశం నుంచి పుట్టిందా, మాటల నుంచి పుట్టిందా, పాత్రచిత్రణలో సహజత్వం ఎంత అన్న ప్రశ్నల చుట్టూ తిరిగి, చివరకు పార్వతీశం అమాయకుడైన తెలుగువాడికి ప్రతినిధి అన్న తీర్మానానికి చేరుకోవడం పరిపాటి అయింది.

తీర్మానంలోని 'అమాయకుడు' అన్న మాటతో పేచీ లేదు. 'ప్రతినిధి' అన్న మాటే పరిశీలించదగినది. ఎవరికి ప్రతినిధి? తెలియనితనం అందరికీ ఉంటుంది. తెలియనితనాన్ని నవ్వుగా మార్చుకొనే వెసులుబాటు అందరికీ ఉంటుందా? ఈ ప్రశ్నకు నవలలోనే కూర్చుంటే సమాధానం దొరకదు. దాని పక్కన మరి రెండు కథనాలను పెట్టి చూడాలి. ఒకటి, 1925 నుంచి 'నవజీవన్' పత్రికలో గుజరాతీలో ధారావాహికగా వచ్చిన గాంధీ ఆత్మకథలోని లండన్ అధ్యాయాలు. రెండవది, అంబేద్కర్ 1935-36 ప్రాంతంలో ఇంగ్లీషులో రాసిపెట్టుకోగా 1990లో గాని పుస్తకంగా రాని చిన్న రచన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'. ఒకటి హాస్యనవల, తక్కినవి రెండూ స్వీయచరిత్ర రచనలు. ప్రక్రియలు వేరు కనుక పోలిక చెల్లదనే అభ్యంతరం సహజం. కాని మూడూ ఉత్తమపురుషలో సాగినవే. మూడింటిలోనూ చదువుకోసం పరాయి నేలకు వెళ్ళిన యువకుడు, ఏళ్ళు గడిచిన తరువాత, ఒకనాటి తన తెలియనితనాన్ని తానే చెబుతాడు. పైగా మూడింటిలోనూ ఒక టోపీ ఉంది.

పయనం ఎలా మొదలవుతుందన్న చోటనే తేడా కనిపిస్తుంది. ఈనాడు విదేశీ విశ్వవిద్యాలయంలో ప్రవేశమంటే దరఖాస్తు, అర్హత పరీక్ష, సిఫారసు లేఖలు, బ్యాంకు పత్రాలు, ఆ తరువాత వీసా. పార్వతీశానికి ఇవేవీ లేవు. అతడు ఇంట్లో చెప్పకుండా బయలుదేరతాడు. మద్రాసు, కొలంబో, మార్సెల్స్, పారిస్, లండన్ దాటి ఎడింబరో చేరేదాకా నవల పూర్తిగా ప్రయాణం మీదనే నడుస్తుంది. ఎక్కడ చదవాలి, ఏ పరీక్ష రాయాలి, ఎవరు చేర్చుకుంటారు అన్నవి ప్రయాణానికి ముందు తేల్చుకోవలసిన ప్రశ్నలుగా కనిపించవు. ముందు వెళ్ళడం, తరువాత తెలుసుకోవడం. ఈ క్రమమే హాస్యానికి చోటిచ్చింది. ఎడింబరోలో స్వయంగా చదువుకొన్న మొక్కపాటికి ఆ వ్యవహారాలన్నీ తెలియకపోవు. తెలిసీ వాటిని నాయకుడికి తెలియనీయకపోవడం ఆయన చేసుకొన్న ఎంపిక.

గాంధీ విషయంలో దరఖాస్తు వంటిది ఒకటి ఉంది. బారిస్టరు చదువు మంచిదని కుటుంబమిత్రుడు మావ్జీ దవే సలహా ఇస్తాడు. పోరుబందరు సంస్థానం సాయం చేస్తుందేమోనని ఆ కుర్రవాడు ధోరాజీ దాకా ఎడ్లబండి మీద, అక్కడినుంచి ఒంటె మీద పోయి, పరిపాలనాధికారి లేలీని కలుసుకొంటారు. ముందు బి.ఏ. పూర్తి చేసుకొని రమ్మని లేలీ నిలుచున్నపాటున పంపేస్తాడు. భార్య నగలు అమ్మితే రెండు మూడు వేల రూపాయలు వస్తాయన్న ఆలోచన అప్పుడు వస్తుంది. చివరకు అన్నగారు డబ్బు సర్దుతారు. అంబేద్కర్ చదువుకు డబ్బు ఇల్లు కాదు, ఒప్పందం ఇచ్చింది. బరోడా మహారాజు శాయాజీరావు గాయక్వాడ్ మూడేళ్ళపాటు నెలకు పదకొండున్నర పౌండ్ల వేతనం మంజూరు చేశారు. బదులుగా చదువు ముగిసిన తరువాత పదేళ్ళు సంస్థానంలో కొలువు చేస్తానని 1913లో ఆయన సంతకం చేశారు. ఇల్లు, అన్న, సంస్థానం: ముగ్గురి వెనుక నిలిచిన ఆధారాలివి. పొరపాటు జరిగినప్పుడు దానిని ఎవరు భరిస్తారన్నది వీటిమీదే ఆధారపడి ఉంది.

పొరపాటును భరించేవారు

పార్వతీశం టోపీ సన్నివేశంలో తెలివిడి పంపకం గమనించదగినది. పాఠకుడికి తెలుసు, చుట్టూ ఉన్నవారికి తెలుసు, కథ చెబుతున్న పెద్దవయసు పార్వతీశానికి తెలుసు. తెలియనివాడు ఆనాటి పార్వతీశం ఒక్కడే. చెప్పేవాడికీ చేసినవాడికీ మధ్య ఉన్న ఈ ఎడమే మొక్కపాటి హాస్యానికి ఇరుసు. కథకుడు తన పాత రూపాన్ని వెక్కిరించడు, వెనకేసుకురాడు. గోదావరి జిల్లా వాడుకభాషలో, ఎదురుగా కూర్చున్నవారికి చెబుతున్నట్టు, జరిగినదాన్ని జరిగిన వరుసలో చెప్పుకుపోతాడు. ఈ నిబ్బరం ఎక్కడినుంచి వచ్చింది? కథ చెప్పేనాటికి అతడు బారిస్టరు. టోపీ తప్పయినంత మాత్రాన దారి మూసుకుపోలేదు. తప్పుటోపీ పెట్టుకొన్నవాడు కూడా లండను చేరాడు. పొరపాటుకు అతడు చెల్లించిన మూల్యమల్లా కొంత డబ్బు, కొంత సిగ్గు.

గాంధీ టోపీ కథ దీనికి దగ్గరి బంధువు. 1888 సెప్టెంబరు చివర తెల్లని ఫ్లానెల్ దుస్తులతో ఓడ దిగి, అటువంటి దుస్తుల్లో ఉన్నది తానొక్కడేనని గ్రహించి, సామాను సోమవారం దాకా చేతికి రాదని తెలిసి కుంగిపోవడంతో ఆ అధ్యాయం మొదలవుతుంది. ఆ సాయంత్రం విక్టోరియా హోటలుకు వచ్చిన డాక్టర్ ప్రాణజీవన్ మెహతా పట్టుటోపీని గాంధీ ముచ్చటపడి చేతితో నిమురుతారు. నిమరవలసిన వైపు కాక ఎదురువైపు నిమరడంతో దాని నూగు రేగిపోతుంది. మెహతా చిరాకుపడి, ఇతరుల వస్తువులు తాకవద్దు, తొలి పరిచయంలో ప్రశ్నలు వేయవద్దు, గట్టిగా మాట్లాడవద్దు అంటూ మర్యాదల మొదటి పాఠం చెబుతారు. ఆ రోజుల్లో గాంధీ రాసుకొన్న లండన్ దినచర్యలో లిఫ్టు ముచ్చట కూడా ఉంది. తలుపు తెరిస్తే అది కాసేపు కూర్చోవలసిన గది అనుకొన్నారట. తీరా చూస్తే రెండో అంతస్తులో ఉన్నారు. ఇది పార్వతీశంలోంచి జారిపడిన సన్నివేశమేమో అనిపించకమానదు.

అయితే ఆత్మకథలో పొరపాటు నవ్వు దగ్గర ఆగదు. ప్రతిదానికీ పక్కన ఒక అంకె ఉంటుంది. పొడుగుటోపీ పందొమ్మిది షిల్లింగులు, బాండ్ స్ట్రీటులో కుట్టించిన సాయంకాలపు దుస్తులు పది పౌండ్లు, ఫిడేలు మూడు పౌండ్లు, నృత్యపాఠాలకు మరో మూడు. జతగొలుసు బంగారు గడియారపు గొలుసును అన్నగారు పంపారు. రోజూ అద్దం ముందు పది నిమిషాలు. తప్పు జమాఖర్చుల పుస్తకంలో ఖర్చు పద్దుకు ఎక్కి, కొంతకాలానికి పాఠంగా జమ పద్దుకు మారుతుంది. మొక్కపాటి ఆ మార్పు చేయరు. పార్వతీశం టోపీనుంచి ఏ పాఠమూ రాబట్టకపోవడం నవలాకారుడిగా ఆయన సంయమనం. ఈ ఒక్క విషయంలో నవల ఆత్మకథ కంటె నిజాయితీగా ఉందనడానికి వెనుకాడనక్కరలేదు.

ఇక అంబేద్కర్ టోపీలు. ఇవి లండనువి కావు, న్యూయార్కువి కావు. 1901 నాటివి. గోరేగావ్‌లో ఉద్యోగంలో ఉన్న తండ్రి సెలవులకు రమ్మని రాస్తే, తొమ్మిదేళ్ళ భీమరావు, అన్న, అక్క కొడుకులు సతారా నుంచి రైలులో బయలుదేరతారు. ప్రయాణం కోసం ఇంగ్లీషు చొక్కాలు, తళుకులద్దిన టోపీలు, కొత్త చెప్పులు, పట్టు అంచు పంచెలు కుట్టించుకొంటారు. మసూరు స్టేషనులో దిగితే తీసుకువెళ్ళడానికి ఎవరూ రాలేదు. స్టేషన్ మాస్టరు ఆదరంగా పలకరిస్తాడు. ఆ దుస్తులూ ఆ టోపీలూ చూసి బ్రాహ్మణ పిల్లలనుకొంటాడు. ఎవరని అడిగితే పిల్లవాడు ఆలోచించకుండా మహార్లమని చెప్పేస్తాడు. స్టేషన్ మాస్టరు ముఖం మారిపోతుంది.

ఇక్కడ తెలివిడి పంపకం పూర్తిగా తలకిందులైంది. పార్వతీశం తప్పు టోపీ పెట్టుకొన్నాడు. ఈ పిల్లల టోపీలలో తప్పేమీ లేదు. దుస్తులు ఎంత సరిగా కుదిరాయంటే చూసినవాడు పొరబడ్డాడు. పొరపాటు స్టేషన్ మాస్టరుది, దండన పిల్లలది. ఆ తరువాత నడిచేది కూడా తెలుగు పాఠకుడు పార్వతీశంలో అలవాటుపడిన తర్కానికి విరుద్ధం. బండివాళ్ళు రెట్టింపు కిరాయి ఇస్తామన్నా ఎక్కించుకోరు. ఎట్టకేలకు ఒకడు ఒప్పుకొన్నా, బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తానంటాడు. వెంట తెచ్చుకొన్న అన్నం ఉంది, తాగడానికి నీళ్ళు లేవు. సుంకం వసూలుచేసే గుడిసె దగ్గర, బండివాడి సలహా మీద, తాము ముస్లిములమని పిల్లవాడు ఉర్దూలో చెబుతాడు. అయినా నీళ్ళు దొరకవు. చేతిలో డబ్బు ఉన్నా కొనడానికి వీలులేనివి లోకంలో ఉన్నాయని తెలియడం ఆ ప్రయాణం నేర్పిన సంగతి. పార్వతీశం ప్రతి చిక్కునూ డబ్బు, లేదా దారిలో తారసపడిన ఒక మంచి మనిషి విప్పుతారు. ఆ రెండూ ఇక్కడ పనికి రాలేదు.

వెలి, నీళ్ళు

సముద్రయానం అనగానే వెలి ప్రస్తావన రావాలి. గాంధీ బయలుదేరబోతుంటే బొంబాయిలో మోఢ్ బనియాల పెద్ద సభ పిలిపించి ఆయనను కులంనుంచి వెలివేశాడు. సాయం చేసినవారికి, రేవుకు వచ్చి సాగనంపినవారికి రూపాయి నాలుగణాల జరిమానా అన్నాడు. బారిస్టరై తిరిగివచ్చిన తరువాత అన్నగారు ఆయనను నాసిక్ తీసుకువెళ్ళి పుణ్యనదిలో స్నానం చేయించి, రాజకోటలో కులానికి విందు పెట్టారు. ఒక వర్గం కలుపుకొంది, మరొక వర్గం కలుపుకోలేదు. కలుపుకోని వర్గపు నియమాన్ని మన్నించి గాంధీ అత్తవారింట, అక్క ఇంట కూడా మంచినీళ్ళు ముట్టలేదు. వాళ్ళు చాటుగా ఇవ్వడానికి సిద్ధపడినా చాటుగా తాగడానికి ఆయన ఒప్పుకోలేదు.

ఈ నీళ్ళనూ మసూరు దారిలోని నీళ్ళనూ పక్కపక్కన పెడితే చాలా సంగతులు తేలుతాయి. ఒకరు ఇస్తామన్నా తాగలేదు, మరొకరు అడిగినా పొందలేదు. ఒక వెలి చేసిన పనికి వచ్చింది; దానికి తేదీ ఉంది, జరిమానా మొత్తం ఉంది, విరుగుడు స్నానం ఉంది. రెండవ వెలి పుట్టుకతో వచ్చింది. దానికి నాసిక్ లేదు. గాంధీ ఆత్మనిగ్రహం గొప్పది కాదనడం ఇక్కడి ఉద్దేశం కాదు. నిరాకరించే అవకాశం ఉన్నప్పుడే నిగ్రహం ఒక గుణంగా కనబడుతుందన్నది ఈ రెండు ఘట్టాలను కలిపి చదివినప్పుడు తప్పించుకోలేని అంశం. పార్వతీశం హాస్యం గురించి అడగవలసిన ప్రశ్న కూడా ఇటువంటిదే. తిరిగివచ్చిన అతడికి వకీలు వృత్తి ఉంది, సంసారం ఉంది, చేరడానికి ఒక ఉద్యమం ఉంది. జైలుకు వెళ్ళినా ఆ జైలు గౌరవమే. బయలుదేరిన ఇల్లు చెక్కుచెదరకుండా ఉండబట్టే దారిలో జరిగినవన్నీ ముచ్చట్లయ్యాయి.

విదేశం ఎన్ని వాక్యాలు

మొక్కపాటి ఒక భాగమంతా ప్రయాణానికే ఇచ్చారు. గాంధీ లండనుకు అధ్యాయాలు కేటాయించి బారిస్టరు చదువులోని డొల్లతనాన్ని కూడా విడమరచి చెప్పారు. పన్నెండు టర్ములు నిలుపుకోవడమంటే ముఖ్యంగా టర్ముకు ఆరు విందులకైనా హాజరు కావడమని తెలిసినప్పుడు ఏ పాఠకుడూ నవ్వకుండా ఉండలేడు. 1891 జూన్ 10న పట్టా, 11న హైకోర్టులో నమోదు, 12న తిరుగు ఓడ. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో కొలంబియా విశ్వవిద్యాలయమూ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్సూ కలిసి నాలుగైదు వాక్యాలకు మించవు. 1915లో ఎం.ఏ., 1916లో భారతదేశంలోని కులాల పుట్టుకపై చదివిన ప్రసిద్ధ పత్రం, ఇవేవీ ఈ రచనలో కనిపించవు. అయిదేళ్ళ విదేశవాసం తాను అంటరానివాడినన్న స్పృహను మనసులోంచి పూర్తిగా తుడిచివేసిందని మాత్రం చెప్పి, ఆయన బరోడా స్టేషను బయట నిలుచుంటారు. ఎక్కడికి వెళ్ళాలి, ఎవరు రానిస్తారు?

తెలుగు విదేశీవిద్యా కథనానికి ఇది నిలువుటద్దం వంటిది, అంతా ఎడమ కుడిగా కనిపిస్తుంది. కొత్త ఊరిలో ఏమీ తెలియక తడబడే విద్యార్థి ఇక్కడా ఉన్నాడు. కాని ఆ కొత్త ఊరు న్యూయార్కు కాదు, బరోడా. అక్కడ తెలియకపోవడం కాదు, ఇక్కడ మరచిపోవడం అతడి పొరపాటు.

శీర్షికలోని 'వీసా' అన్న మాట ఈనాటి తెలుగు పాఠకుడికి వెంటనే కాన్సులేటు వరుసను గుర్తుచేస్తుంది. హైదరాబాదు దగ్గరి చిలుకూరు బాలాజీని వీసా బాలాజీ అని పిలుచుకొని, పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుకొని, పని జరిగిన తరువాత నూట ఎనిమిది చేసే విద్యార్థుల తరం మనది. ఆ అర్థంలో ఈ రచనలో వీసా ఎక్కడా లేదు. అమెరికాలో అడుగుపెట్టడానికి పడిన పాట్లు ఇందులో ఒక్కటీ లేవు. ఉన్నవన్నీ పుట్టిన దేశంలో ఇంట్లోకి, బావి దగ్గరకు, ఆసుపత్రికి, బండిమీదకు ప్రవేశం దొరకని వృత్తాంతాలు. శీర్షిక వ్యంగ్యమంతా అందులోనే ఉంది. షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యార్థుల విదేశీ చదువుకు తెలంగాణ ప్రభుత్వం సాయమందించే పథకానికి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి అని పేరుపెట్టారు. ఆ నిధితో చదువుకొని వచ్చినవారు, వస్తున్నవారు తమ ప్రయాణాన్ని తెలుగులో రాసేటప్పుడు వారి ముందున్న నమూనా ఏది? ప్రవేశంకోసం విశ్వవిద్యాలయాలకు వారు రాసి పంపే ఉద్దేశ ప్రకటనలో పొరపాట్లకు చోటుండదు. అందులో బాల్యంనుంచి అన్నీ ఆ సీటువైపే నడిచినట్టు రాయాలి. పార్వతీశం నమూనాలో పొరపాట్లకు కావలసినంత చోటుంది గాని, వాటిని కాచుకొనే ఇల్లు కూడా ఉండితీరాలి. ఈ రెండింటికీ ఇమడని అనుభవాన్ని విమర్శకులు హాస్యం లేని రచన అనో ఆవేదన సాహిత్యమనో ఒక గదిలో పెట్టి, ప్రతినిధి పీఠం మాత్రం పార్వతీశానికే అట్టిపెట్టడం న్యాయం కాదు.

బరోడాలో హిందూ హోటళ్ళు రానివ్వవని అంబేద్కర్‌కు తెలుసు. స్నేహితులు ఇద్దరున్నారు గాని వారిని ఇరుకున పెట్టదలచలేదు. ఒక పారశీ సత్రానికి వెళతారు. కోటు విప్పగానే సద్రా, కస్తీ లేకపోవడం చూసి కాపలాదారు నిలదీస్తాడు. మళ్ళీ దుస్తులే. ఇక్కడ కూడా ఒక చిన్న దరఖాస్తు వంటిది జరుగుతుంది: సత్రపు పుస్తకంలో రాయడానికి పేరు కావాలి. పారశీ పేరు రాసుకొమ్మంటారు. రోజుకు రూపాయిన్నర. విద్యుద్దీపం లేదు, కాపలాదారు తెచ్చిపెట్టే చిన్న లాంతరు వెలుగులో, చెత్తాచెదారం, విరిగిన కుర్చీలు నిండిన మేడ మీద, తోడు లేక పుస్తకం చదువుకొంటూ రాత్రులు గడుపుతారు. ప్రభుత్వ బంగళా కోసం పెట్టుకొన్న అర్జీ ఒక అధికారినుంచి మరో అధికారికి తిరుగుతూ ఉంటుంది. కొలంబియా చేర్చుకొన్న విద్యార్థిని, చదివించిన సంస్థానం ఇంటి అర్జీ దగ్గర నిలిపివేసింది.

పదకొండో రోజు పొద్దున పన్నెండుమంది పారశీలు కర్రలతో మెట్లెక్కి వస్తారు. సాయంత్రంలోగా ఖాళీ చేయమంటారు. హిందూ మిత్రుడు తన ఇంటికి రావచ్చునంటాడు, అయితే నౌకర్లు వెళ్ళిపోతారంటాడు. క్రైస్తవ మిత్రుడు భార్యను అడగాలంటాడు; ఆమె బ్రాహ్మణ కుటుంబంనుంచి వచ్చిన మనిషి. బొంబాయి బండి రాత్రి తొమ్మిదికి. అప్పటిదాకా కమాఠీ బాగ్ ఉద్యానంలో కూర్చొని, ఎనిమిదింటికి సామాను కోసం సత్రానికి వస్తారు. కాపలాదారు బయటకు వస్తాడు. ఇద్దరిలో ఎవరికీ మాట రాదు. అంబేద్కర్ బిల్లు చెల్లిస్తారు, అతడు మౌనంగా అందుకొంటాడు.